చేతుల కంటే ముందు పైపు చూడండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

పోయిన వారం మీ పత్రికలో టైఫాయిడ్ గురించి ఒక వార్త వచ్చింది. పేదలుండే వాడలో జ్వరాలు పెరిగాయని, జనం శుభ్రత పాటించాలని, తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలని, నీళ్లు కాచి తాగాలని అధికారులు చెప్పినట్టు రాశారు. అందులో తప్పు మాట ఒక్కటీ లేదు. మా ఇంట్లోనూ అలాగే చేస్తాం. అయినా అది చదివాక రెండు రోజులు నా మనసు కుదుటపడలేదు. అంత వార్తలో పైపు అన్న మాటే లేదు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు మంచినీటి పైపులైన్ల మీద ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. పెద్ద చదువు చదవలేదు. జబ్బు గురించి నాకు తెలిసిందంతా మా అమ్మాయి చెప్పిందే, ఆమె స్టాఫ్ నర్సు. పైపు గురించి మాత్రం నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నేనుండేది కూడా మీరు వార్తలో రాసినలాంటి వాడలోనే.

లీకేజీ అనగానే అందరూ నీళ్లు బయటికి పోతున్నాయనే అనుకుంటారు. నీళ్లు వృథా అవుతున్నాయని ఫోన్లు చేస్తారు. అది సగం సంగతి. మిగతా సగం నీళ్లు ఆగిపోయాక మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి మురుగుకాలువ పక్కన మోకాళ్ల లోతు గుంత తవ్వి లీకు వెతుకుతున్నాను. పైపు మీద చింతగింజంత చిల్లు కనిపించింది. నీళ్లు వదిలి ఉన్నాయి కాబట్టి చువ్వలా లేచి నా చొక్కా అంతా తడిపేసింది. వాల్వు కట్టేయమని హెల్పరుకు కేకేశాను. చువ్వ తగ్గుతూ తగ్గుతూ ఆగింది. ఆగిందా లేదా అని చిల్లు మీద అరచేయి పెట్టాను. అది నా చర్మాన్ని లోపలికి లాగింది. ఉలిక్కిపడి చేయి తీసేశాను. ఆ వెంటనే గుంతలో ఊరిన నల్లటి నీళ్లు గుటగుటమంటూ ఆ చిల్లులోకి దూరిపోవడం నా కళ్లతో చూశాను.

అప్పటికి నాకు పాతికేళ్లు. పక్కనున్న మేస్త్రీని అడిగితే వివరంగా చెప్పాడు. పల్లంలో ఉన్న ఇళ్ల కొళాయిలు తెరిచే ఉంటాయి. వాల్వు కట్టేసినా పైపులో మిగిలిన నీళ్లు అటు జారిపోతుంటాయి. వెనక నుంచి కొత్త నీళ్లు రావు కాబట్టి లోపల వెలితి పడుతుంది. ఆ వెలితి ఎక్కడ చిల్లు దొరికితే అక్కడి నుంచి, ఏది ఉంటే దాన్ని లాక్కుంటుంది. మర్నాడు వాల్వు తిప్పినప్పుడు మొదటి బిందెలో పడేది అదే. ఇక ప్రెషరు తక్కువగా ఉందని కొళాయికే నేరుగా మోటారు బిగించేవాళ్లున్నారు. వాళ్ల మోటారు ఇంటి నీళ్లతో పాటు లైను పొడుగునా ఉన్న చిల్లులన్నిటి నుంచీ లాగుతుంది. చివరి ఇళ్లకు అసలు నీళ్లెక్కవు. పాపం వాళ్లు కొళాయి దగ్గర నేల తవ్వి, పైపును కిందికి కోసి, గుంతలోకి దిగి నీళ్లు పట్టుకుంటారు. వాన పడితే ఆ గుంతలోకి కాలువ పొంగి వస్తుంది. కొళాయి మూతి మురుగులో మునిగి ఉంటుంది. దానికి బిరడా కూడా ఉండదు. అలాంటి గుంతలు నేను నా సర్వీసులో ఎన్ని చూశానో లెక్కలేదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఒకసారి కాలువ దాటే చోట పైపు జాయింటు వదిలేసింది. దాన్ని బిగించే ఇనుప పట్టీ, క్లాంపు అంటాం, స్టోర్సులో లేదు. సైకిలు ట్యూబు ముక్క కోసి, జాయింటు చుట్టూ బిగదీసి చుట్టి, బైండింగ్ వైరుతో కట్టాను. రేపు క్లాంపు తెచ్చి వేద్దామనుకుని మట్టి కప్పేశాను. మర్నాడు ఇంకో చోట లీకు, ఆ మర్నాడు ఇంకో చోట. ఆ క్లాంపు నేను వేయనే లేదు. ఆ రబ్బరు చుట్టు ఎన్నాళ్లు నిలిచిందో, దాని అవతల ఏ ఇళ్లవాళ్లు తాగారో నాకు తెలియదు. మా అమ్మాయి టైఫాయిడ్ సంగతి వివరంగా చెప్పిన రోజు నుంచి ఆ జాయింటు నాకు తరచూ గుర్తొస్తోంది.

ఆమె చెప్పింది ఇదీ. టైఫాయిడ్ క్రిమికి మనిషి తప్ప వేరే ఇల్లు లేదు. పశువుల్లో, పక్షుల్లో అది బతకదు. దోమలు కుట్టి అంటించేది కాదు. రోగి మలంలో, ఒక్కోసారి మూత్రంలో బయటికి వస్తుంది, నీళ్లతోనో తిండితోనో ఇంకొకరి నోట్లోకి పోతుంది. ఈ దారి తప్ప దానికి వేరే దారి లేదు. అంటే ఒక వాడలో ఇరవై మందికి టైఫాయిడ్ వచ్చిందంటే, ఒకరి మరుగుదొడ్డికీ ఇంకొకరి నీళ్ల బిందెకూ మధ్య ఎక్కడో దారి తెరుచుకుందన్నమాట. ఆ దారి ఎక్కడుందో వెతకడం మానేసి, చేతులు కడుక్కోమని చెప్పి వెళ్లిపోతే ఎలా?

ఈ మాట కొత్తదేం కాదు. క్రిమిని సూక్ష్మదర్శినిలో ఇంకా ఎవరూ చూడకముందే ఇంగ్లండులో విలియం బడ్ అనే డాక్టరు చెప్పాడు. 1839లో ఆయన పనిచేసే పల్లెలో జ్వరాలు వస్తే ఇల్లిల్లూ తిరిగి, ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చిందో రాసుకున్నాడు. తర్వాత బ్రిస్టల్‌లో ఒకే బావి నీళ్లు తాగే ఇళ్లలో జ్వరం వచ్చిందనీ గమనించాడు. మురుగుకాలువ అంటే రోగి పేగుకు కొనసాగింపేనని ఆయన రాసిన మాట మా అమ్మాయి చదివి వినిపించింది. నాకు అది ఫిట్టరు రాసిన మాటలా అనిపించింది. ఎబర్త్ అనే శాస్త్రవేత్త ఆ క్రిమిని గుర్తించింది 1880లో. అంటే క్రిమి పేరు తెలియకపోయినా, ఇళ్లు తిరిగి నీళ్ల ఆనవాలు పట్టుకుంటే జబ్బు దారి దొరుకుతుంది.

మూడేళ్ల కిందట నా మనవరాలికే వచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల. మొదటి రోజు ఒళ్లు కాస్త వెచ్చబడింది. రోజురోజుకూ మెట్లెక్కినట్టు పెరిగి, అయిదో రోజుకు సాయంత్రమయ్యేసరికి 103 దాటింది. తలనొప్పి, కడుపునొప్పి, నాలుక మీద తెల్లటి పూత. ఆడుకుంటూ అల్లరి చేసే పిల్ల గోడ వైపు తిరిగి పడుకుని, పిలిస్తే పలకడానికే విసుక్కునేది. మందు మొదలుపెట్టకముందే, రక్తంలోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్షకు రక్తం తీయించాలని మా అమ్మాయి పట్టుబట్టింది. అదే మంచిదైంది. ఏ మందుకు క్రిమి లొంగుతుందో రిపోర్టులో వచ్చింది. మందు పూర్తి రోజులు వాడాం. జ్వరం పోయిన రెండు నెలలకు జుట్టు పిడికిళ్లతో ఊడిపోయి, పిల్ల అద్దం చూసుకుని ఏడ్చేది. తర్వాత జుట్టు మళ్లీ వచ్చిందనుకోండి.

మా వెనక వీధి కుర్రాడికి అలా జరగలేదు. వాళ్లకు అంత తెలియదు, అంత తీరికా లేదు. మొదటి రెండు రోజుల్లోనే అక్కడికక్కడే ఫలితం చెప్పే చిన్న కార్డు పరీక్ష చేసి, టైఫాయిడ్ కాదన్నారు. తర్వాత వైడల్ పరీక్ష చేసి, అవునన్నారు. వైడల్ పరీక్ష 1896 నాటిది. అది క్రిమిని చూపదు, క్రిమి మీద మన ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలను చూపుతుంది. అందుకని జ్వరం మొదట్లో చేస్తే కనబడకపోవచ్చు, పాత జ్వరాల వల్ల ఊరికే కనబడవచ్చు. ఆ అబ్బాయికి మూడు రోజుల మాత్రలతో జ్వరం దిగింది. తండ్రి కూలి పోగొట్టుకుని ఇంట్లో కూర్చోలేడు, మిగతా మాత్రలు కొనడం మానేశారు. వారం తిరిగేసరికి మళ్లీ జ్వరం, ఆ తర్వాత కడుపు రాయిలా గట్టిపడింది. పేగుకు చిల్లు పడింది. టైఫాయిడ్‌లో సాధారణంగా మూడో వారానికి వచ్చే ముప్పు అదేనట. ఆపరేషను చేసి బతికించారు. ఆ తల్లి నాతో, "మేం ఏం పాపం చేశాం బాబాయ్, పిల్లాడి చేతులు నేనెప్పుడూ కడిగిస్తూనే ఉన్నా కదా" అంది. ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. ఈ ఉత్తరం రాయడానికి ఆ మాటే కారణం.

ఆమె ఆ మాటన్న సాయంత్రం నోట్‌బుక్కు తీసుకుని బయల్దేరాను. అప్పటికి జ్వరాలు వచ్చిన ఇళ్లు పద్నాలుగు. ఆరోగ్య సిబ్బంది దగ్గరున్న లిస్టు వీధులవారీగా ఉంది. దాన్ని చూస్తే నాలుగు వీధుల్లో తలా కొన్ని, అక్కడక్కడ చెదిరినట్టు కనిపించాయి. నేను వాటినే వాల్వు లైన్లవారీగా, అంటే ఏ వాల్వు తిప్పితే ఏ ఇళ్లకు నీళ్లు వస్తాయో దాని ప్రకారం రాసుకున్నాను. పద్నాలుగింట్లో పన్నెండు ఇళ్లు ఒకే మూడంగుళాల లైను మీద ఉన్నాయి. ఆ లైను తూము దగ్గర కాలువను దాటుతుంది. మిగిలిన రెండిళ్లలో ఒకదాని పిల్ల రోజూ ఆ లైను మీదున్న స్నేహితురాలి ఇంటికి చదువుకోవడానికి వెళ్తుంది. ఇంకొకరికి ఎలా వచ్చిందో నాకు తేలలేదు.

నాతో పనిచేసిన కుర్రాళ్లు ఇప్పటికీ డ్యూటీలో ఉన్నారు. వాళ్లను బతిమాలి తూము దగ్గర తవ్వించాను. పైపు కాలువ నీళ్లలోనే పడుకుని ఉంది. కింద ఆనించిన రాయి జారిపోయి, బరువుకు జాయింటు విడిపోయింది. నా వేలు సందులో దూరింది. పైపు మార్చి, కాలువ పైనుంచి ఎత్తులో వేశారు. లైను కడిగి, క్లోరిన్ కలిపి నిలవుంచి, ఆ నీళ్లు వదిలేశారు. మర్నాడే జ్వరాలు ఆగలేదు. ఆగవు కూడా. క్రిమి లోపలికి పోయాక జ్వరం బయటపడటానికి వారం నుంచి మూడు వారాల దాకా పడుతుంది. పాత నీళ్లు తాగినవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు పడ్డారు. నాలుగో వారం నుంచి ఆ లైను మీద కొత్త జ్వరం వినలేదు.

ఈ మూడు వారాల ఆలస్యమే అందరినీ మోసం చేస్తోంది. జ్వరం వచ్చినవాళ్లు నిన్న ఏం తిన్నారో తలచుకుంటారు, బయట కొనుక్కున్న తిండిని, అమ్మినవాళ్లను తిడతారు. పదిహేను రోజుల కిందటి బిందెడు నీళ్లు ఎవరికి గుర్తుంటాయి? వాసన లేకపోతే, రంగు మారకపోతే అసలు అనుమానమే రాదు. తేటగా ఉన్న నీళ్లలోనూ క్రిమి ఉండగలదు.

టైఫాయిడ్ అనగానే లోకానికి గుర్తొచ్చే పేరు మేరీ మలన్. న్యూయార్క్‌లో ఇళ్లలో వంట చేసుకుని బతికిన మనిషి. ఆమెకు జ్వరం లేదు, నీరసం లేదు, కానీ ఒంట్లో క్రిమి ఉండిపోయింది. 1907లో పట్టుకుని దీవిలోని ఆసుపత్రిలో ఉంచారు. 1910లో వదిలి, 1915లో మళ్లీ తెచ్చి, 1938లో చనిపోయేదాకా అక్కడే ఉంచారు. మొత్తం ఇరవై ఆరేళ్లు. అలాంటి వాహకులు నిజంగానే ఉంటారు. జ్వరం తగ్గినవాళ్లలో నూటికి ఇద్దరు ముగ్గురిలో, ముఖ్యంగా పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లలో, క్రిమి ఏళ్ల తరబడి నిలిచిపోతుందట. వాళ్లకు పరీక్ష, మందు కావాలి. అయితే మరుగుదొడ్డి గట్టిగా ఉండి, మురుగు దాని దారిన అది పోయి, నీళ్ల పైపు బిగుతుగా ఉంటే ఆ ఒక్క మనిషి వల్ల ఊరంతా పడిపోదు. మేరీ పేరు అందరికీ తెలుసు. ఆ రోజుల్లోనే, 1908లో, పక్కనున్న జెర్సీ సిటీలో ఊరందరి నీళ్లకూ ఎప్పుడూ ఆపకుండా క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. ఆ దారిలో మిగతా ఊళ్లు నడిచాక అమెరికాలో టైఫాయిడ్ తగ్గుతూ వచ్చింది. దాని గురించి ఎవరూ చెప్పుకోరు. వంటమనిషిని తలచుకోవడం తేలిక కాబోలు.

క్లోరిన్ దగ్గర జరిగే పొరపాటు కూడా రాస్తాను, ఇది మా చేతుల్లోని పని కాబట్టి. ట్యాంకు దగ్గర పరీక్ష చేసి, బాగుందని రిజిస్టరులో రాస్తారు. ట్యాంకు దగ్గర బాగానే ఉంటుంది. క్లోరిన్ దారిలో ఎదురైన మురికినంతా చంపుతూ తానూ ఖర్చయిపోతుంది. పైపులోకి మురుగు దూరిన చోట ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. చివరి ఇంటికి వచ్చేసరికి ఏమీ మిగలదు. కొళాయి దగ్గర కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. కాబట్టి చూడాల్సింది చివరి కొళాయిని. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి రెండు మూడు చుక్కల మందు వేస్తే పసుపు రంగు తేలుతుంది. తేలకపోతే ఆ లైనులో ఎక్కడో చిల్లుందని అనుమానించాలి, తవ్వాలి. అర నిమిషం పని. బ్లీచింగ్ పౌడరు సంచిని విప్పి తేమ తగిలేచోట పడేస్తే దాని ఘాటు పోతుందని, నీళ్లలో కలిపాక అరగంటైనా ఆగాలని, బురద నీళ్లలో అది సరిగా పనిచేయదని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పాల్సి వచ్చేది.

ఇళ్లలో చేసుకోగలిగింది జనం చేసుకుంటూనే ఉన్నారు. నీళ్లు కాచాలంటే పొయ్యి, వంటచెరకు, సమయం కావాలి. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో తాగే నీళ్లన్నీ రోజూ కాచడమంటే మాటలు కాదు. కొళాయి ఎప్పుడు వస్తుందో తెలియక నిలవ చేసుకుంటారు. వెడల్పు మూతి పాత్రలో గ్లాసు ముంచితే వేళ్లూ మునుగుతాయి. ముప్పై మందికి ఒకే మరుగుదొడ్డి ఉన్నచోట, దాని గుంత నిండితే అది కాలువలోకే వస్తుంది. జ్వరం తగ్గీ తగ్గకముందే పనికి పోక తప్పదు, ఆ పని పదిమందికి వండిపెట్టేది కావచ్చు. తగ్గాక కూడా కొన్ని వారాలు క్రిమి మలంలో పడుతూనే ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ సోమరితనం వల్ల వచ్చింది కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లెక్కన ఏడాదికి దాదాపు 90 లక్షల మందికి టైఫాయిడ్ వచ్చి 1,10,000 మంది చనిపోతున్నారు. మందులు కూడా వెనకటిలా పనిచేయడం లేదు. పాకిస్తాన్‌లోని సింధ్‌లో 2016 నుంచి వ్యాపించిన రకానికి నోటితో వేసుకునే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలిందట. ఆ దేశం 2019లో కొత్త రకం టీకాను పిల్లలందరికీ మామూలుగా వేసే టీకాల్లో చేర్చింది. ఆరు నెలల వయసు నుంచి ఒక్క డోసుగా ఇవ్వగలిగిన టీకా అది. నేపాల్, మలావీ, బంగ్లాదేశ్ పిల్లల్లో పరీక్షించినప్పుడు నూటికి ఎనభై దాకా రక్షణ ఇచ్చిందని మా అమ్మాయి చెప్పింది. అలాంటి టీకా ఉందని మా వాడలో పదిమందికి కూడా తెలియదు. దాని గురించి వివరంగా రాస్తే మీ పత్రిక చాలామందికి మేలు చేసినట్టవుతుంది. టీకా వేసినా పైపు పని ఆగకూడదు, ఆ చిల్లులోంచి వచ్చేది టైఫాయిడ్ ఒక్కటే కాదు కదా.

మిమ్మల్ని అడిగేది ఇది. ఇకమీదట ఎక్కడైనా జ్వరాల వార్త రాస్తే మీ విలేకరులను కొన్ని ప్రశ్నలు కూడా అడిగి రమ్మనండి. జ్వరం వచ్చిన ఇళ్లు ఏ వాల్వు లైను మీద ఉన్నాయి? ఆ లైను కాలువను ఎక్కడ దాటుతుంది, అక్కడ ఎవరైనా తవ్వి చూశారా? నీళ్లు రోజుకు ఎన్ని గంటలు వదులుతున్నారు, ఎన్ని గంటలు పైపు ఖాళీగా ఉంటోంది? చివరి కొళాయి దగ్గర క్లోరిన్ ఎంతుంది, ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు? ఈ ప్రశ్నలు పేపర్లో కనిపిస్తే, డ్యూటీలో ఉన్న ఫిట్టరుకు స్టోర్సులో క్లాంపు అడగడానికి బలం వస్తుంది. నాకు ఆ బలం లేక ట్యూబు ముక్క చుట్టాను.

నా నోట్‌బుక్కు ఇంట్లోనే ఉంది. లైన్లు, వాల్వులు, ఇళ్లు ఎలా రాసుకోవాలో కావాలంటే మీ విలేకరికి చూపిస్తాను. వాల్వు తిప్పే తాళం కూడా ఇంకా నా దగ్గరే ఉంది, రిటైరైన రోజు కుర్రాళ్లు గుర్తుగా ఉంచుకోమన్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పైపులైన్ ఫిట్టరు